మూడు కప్పులు

పితాలితో బస్టాండులో, టికెట్ల కిటికీ పక్కన
బల్ల వేసుకుని కూచున్నాను.
సహకార సంఘం వాళ్ళు పంపారు నన్ను,
రెండు ఫ్లాస్కులు, అట్టపెట్టె నిండా తెల్ల కప్పులు,
గళ్ళు గీసిన ఒక నోట్‌బుక్కు ఇచ్చి.

పని చిన్నదే.
మనిషి ముందు మూడు కప్పులు పెట్టాలి.
రెండింట్లో ఒకే కాఫీ, మిగిలినదాంట్లో వేరు.
కస్తియ్యో ఒకటి, కతుర్రా ఒకటి.
వేరేది ఏదో చెప్పమనాలి. నవ్వకూడదు.
ముఖంలో జవాబు కనబడనీయకూడదు.

మొదట వచ్చినవాడు లారీ డ్రైవరు ఎర్మిన్సుల్.
గుటకేసి, మీసం తుడుచుకుని
మధ్య కప్పు మీద వేలు పెట్టాడు.
ఒప్పు.
ఇక చూడాలి ఆ మనిషిని!
వరసలో ఉన్నవాళ్ళకి నాలుకంటే ఏమిటో పాఠం చెప్పాడు,
తాతల నాటి నుంచీ తమ ఇంటికి ఆ వరం ఉందన్నాడు,
ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను.
తప్పు.
కప్పులు సరిగా కడగలేదని నన్ను కసిరి పోయాడు.

జలుబుతో ముక్కు చీదుకుంటున్న బడిపిల్ల కనిపెట్టింది.
ముప్పై ఏళ్ళుగా గింజలు కొనే వ్యాపారి కనిపెట్టలేదు.
ఒకాయన మూడూ తాగేసి నీవా బస్సు ఎన్నింటికన్నాడు.
ఒకావిడ, ఎడమ కప్పులోది దిగులుగా ఉందంది.
దిగులుకి నా నోట్‌బుక్కులో గడి లేదు.

పొద్దువాలేసరికి నలభై రెండు మంది.
పద్నాలుగు ఒప్పులు.
అంటే మూడింట ఒకటి.
అంటే కళ్ళూ ముక్కూ మూసుకుని
అసలు చుక్క తాగకుండా వేలు పెట్టినా
అన్నే వచ్చేవి.
పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ
ఆ పూట నలభై రెండు జిహ్వలూ కలిసి
పాచికలాడాయి.

బల్ల మడుస్తుంటే వచ్చింది ఇస్మేనియా,
కొండ మీద కాయ కోసే మనిషి.
గోళ్ళ కింద నల్లటి జిగురు
పింగాణీకి అంటుతుందని
చేతులు లంగాకి రెండుసార్లు తుడుచుకుంది.
ఒక్కో కప్పూ అడుగంటా తాగింది.
"బెల్లం వెయ్యలేదేం?"
నియమం అన్నాను.
"అయితే మూడూ ఒకటే. చేదు."
ఏదో ఒకటి చెప్పాలన్నాను.
చేతికి దగ్గరున్నదాన్ని చూపించింది.

ఇది నువ్వు కోసిందే కావచ్చు, అన్నాను.
ఖాళీ కప్పులోకి మళ్ళీ చూసింది.
వాళ్ళింట్లో కాచుకునేది
తొట్టిలో పైకి తేలిన తాలు, పురుగు కొరికిన గింజ.
మునిగినవి సంచుల్లో ఓడ ఎక్కుతాయి.
ఇరవై ఆరేళ్ళ కోతల్లో
మునిగిన గింజ ఆమె నోటిదాకా రావడం ఇదే మొదలట.

"పేర్లేమిటి వీటికి?"
చెప్పాను.
"ఓసి, అట్లా అడగవేం!
కతుర్రా పొట్టిది, కణుపులు దగ్గర,
మధ్యాహ్నానికల్లా నడుమే చెప్తుంది అది ఏ చెట్టో.
కస్తియ్యో చిగురు రాగి రంగు. తుప్పు తెగులు దాన్నేం చెయ్యదు.
మా ఆయనకి కతుర్రా అంటే ప్రాణం.
తుప్పు పడ్డ ఏడు ఆకుల వెనక పసుప్పొడి,
రెండు నెలల్లో చేను బోడి.
అప్పులవాడు వచ్చి కంచరగాడిదని తోలుకుపోయాడు.
తేడా తెలీకపోవడమేమిటమ్మా."

పెన్ను ఎత్తాను.
నడుముకి గడి లేదు. గాడిదకీ లేదు.
నలభై మూడో వరసలో
తప్పు అని రాసుకున్నాను.

రాత్రి ల్యాబులో తలుపు వేసుకున్నాను.
పదకొండేళ్ళుగా చెంచాతో జుర్రి ఉమ్మే మనిషిని నేను.
సంచి మీద పేరు చూసి
మల్లె అంటాను, నారింజ తొక్క అంటాను,
నా మాటకి సంచి ధర ఒక మెట్టు ఎక్కుతుంది.
గోడవైపు తిరిగి నిలబడి
కుర్రాడు యమిద్‌ని పొయ్యమన్నాను.
మూడు కప్పులు.
జుర్రాను, ఉమ్మాను. చల్లారనిచ్చి మళ్ళీ జుర్రాను.
కుడిది, అన్నాను.

యమిద్ మంచి పిల్లవాడు.
ముఖంలో జవాబు కనబడనీయలేదు.
కప్పులు ఎత్తుకుని
కుళాయి దగ్గరికి పోయాడు.